తాతగారి మూడు మంగలికత్తులు: మెడ మీది ముద్రలను బట్టి తయారీదారునీ కాలాన్నీ చెప్పగలమా?

ప్రశ్న – వాల్తేరు మాస్టారు

మా తాతగారు విశాఖపట్నం ఓడరేవు పనులు జరుగుతున్న రోజుల్లో, అంటే 1933లో రేవు ప్రారంభం కావడానికి రెండేళ్ల ముందు, గుమాస్తా ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన చివరివరకు గడ్డం తానే గీసుకొనేవారనీ, ఇంట్లో సేఫ్టీ రేజరు ఉన్నా దానిని ముట్టుకొనేవారు కాదనీ మా నాన్నగారు చెబుతుండేవారు. ఆ కత్తులు తరువాత ఏమయ్యాయో ఎవరికీ తెలియలేదు. ఈ మధ్య మా చిన్నాన్నగారు మహారాణిపేటలోని ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఒక టేకు పెట్టె అడుగున, నూనెగుడ్డలో చుట్టి పెట్టిన మూడు మడత కత్తులు బయటపడ్డాయి. వాటి గురించి తెలిసినవారు ఇక్కడ ఉంటారని రాస్తున్నాను.

మొదటి కత్తి బరువైనది. అలుగు వీపు దగ్గర మందంగా మొదలై అంచు వరకు దాదాపు తిన్నగా సన్నబడుతుంది. అలుగుకూ పిడికీ మధ్య ఉన్న మెడ మీద ఒక కిరీటం, దానికి అటూ ఇటూ వి, ఆర్ అనే ఇంగ్లీషు అక్షరాలు, కింద జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ అనే పేరు, కట్లర్స్ టు హర్ మెజెస్టీ అనే మాటలు ఉన్నాయి. ఒక నక్షత్రం, ఒక మాల్టా శిలువ కూడా పక్కపక్కనే ఉన్నాయి. దేశం పేరు ఎక్కడా లేదు. పిడి డొప్పలు మీగడ రంగులో ఉన్నాయి.

రెండవ కత్తి చాలా పలుచన. అలుగును గోటితో మీటితే సన్నగా మోగుతుంది. మెడకు ఒక వైపున మద్రాసులోని ఒక దుకాణం పేరు, రెండవ వైపున చిన్న అక్షరాలలో మేడ్ ఇన్ జర్మనీ అని ఉన్నాయి. మూడవ కత్తి అలుగు మీద బంగారు రంగు అక్షరాలు సగం చెరిగిపోయి సిల్వర్ స్టీల్ అనే మాటలు మాత్రం మిగిలాయి. మెడ మీద పేరు అరిగిపోయింది. షెఫీల్డ్ అనేది ఒక్కటే చదవగలుగుతున్నాను.

పాత వస్తువులు కొనే ఒక వ్యాపారికి చూపించాను. ఆయన ఫోనులో వెతికి, మొదటి కత్తి 1682 నాటిదనీ, పిడి ఏనుగు దంతమనీ చెప్పి, పదిహేను వందల రూపాయలు ఇస్తానన్నారు. మూడు వందల ఏళ్లు దాటిన దంతపు పిడి కత్తికి పదిహేను వందలు అనేసరికి నాకు ఆ 1682 మీదే అనుమానం వచ్చింది. రెండవ కత్తిని మద్రాసు దుకాణంవారే తయారు చేశారని మా చిన్నాన్నగారు అంటున్నారు. మూడవదానిలో నిజంగా వెండి ఉంటుందా? అమ్మే ఉద్దేశం నాకు లేదు. పిల్లలకు చెప్పేటప్పుడు తప్పు చెప్పకూడదన్నదే నా కోరిక.

సమాధానం – పాతముద్ర, డాబాగార్డెన్స్

మాస్టారూ, మీ అనుమానం సరైనదే. 1682 అనేది రాడ్జర్స్ సంస్థ తన ఆరంభంగా చెప్పుకొనే సంవత్సరం. ఆ కత్తి పుట్టిన సంవత్సరం కాదు. మన ఊరి మిఠాయి దుకాణాల బోర్డుల మీద స్థాపించిన ఏడు రాసి ఉన్నంత మాత్రాన గాజుపెట్టెలోని లడ్డు ఆ ఏటిది కాదు గదా. అలాగే కత్తుల మెడ మీద కనిపించే అంకెలు కూడా చాలా వరకు నమూనా సంఖ్యలే తప్ప సంవత్సరాలు కావు.

ముద్రలు ఎలా పుట్టాయో కొంచెం చెబితే మిగతా సంగతులు సులభంగా అర్థమవుతాయి. ఇంగ్లాండులోని షెఫీల్డ్ పరిసరాల్లో కత్తులు చేసేవారి వృత్తిసంఘం, కట్లర్స్ కంపెనీ, 1624లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడింది. ప్రతి పనివాడూ తన ముద్రను ఆ సంఘం దగ్గర నమోదు చేయించుకోవాలి. అయితే ఆ ముద్ర ఒక ఆస్తి. తండ్రి నుంచి కొడుకుకు పోతుంది, ఒకరి నుంచి మరొకరికి బదిలీ అవుతుంది. అందువల్ల ముద్రకు ఉన్న వయస్సు వేరు, దానిని వాడుతున్న సంస్థకు ఉన్న వయస్సు వేరు, మీ చేతిలోని కత్తికి ఉన్న వయస్సు వేరు. రాడ్జర్స్‌వారి నక్షత్రమూ శిలువా, వోస్టెన్‌హోమ్‌వారి ఐ, నక్షత్రం, ఎక్స్, ఎల్ అనే గుర్తూ ఇలా తరాలు దాటి వచ్చినవే. ఈ రెండవదానిని గబగబా చదివితే ఇంగ్లీషులో నేనే మిన్న అనే అర్థం వస్తుంది. చదవడం రానివాడు కూడా నక్షత్రాన్ని గుర్తుపట్టగలడు, చదవడం వచ్చినవాడు అందులోని చమత్కారాన్ని గుర్తుపెట్టుకుంటాడు. వ్యాపార ముద్ర ఎలా ఉండాలో ఆ కాలంవారికి బాగానే తెలుసు.

ఇక మీ మొదటి కత్తి కాలం. కిరీటం పక్కన వి, ఆర్ ఉంటే విక్టోరియా రాణి కాలం, 1837 నుంచి 1901 వరకు. డబ్ల్యూ, ఆర్ ఉంటే నాలుగవ విలియం, 1830 నుంచి 1837 వరకు. జి, ఆర్ అయితే మాత్రం తొందరపడకూడదు, ఎందుకంటే 1830కి ముందు వరుసగా నలుగురు జార్జిలు ఉన్నారు, 1910 తరువాత మళ్లీ ఇద్దరు వచ్చారు. రాజముద్ర ఉన్న ప్రతి కత్తీ రాజభవనానికి సరఫరా చేసినవారిదని కూడా అనుకోకూడదు. చాలామంది దానిని అలంకారంగానే కొట్టేవారు. రాడ్జర్స్‌వారికి మాత్రం నాలుగవ జార్జి కాలం నుంచి రాజ నియామకం ఉండేది గనుక, హర్ మెజెస్టీ అన్న మాట వారి విషయంలో అలంకారం కాదు.

ఇక్కడ ఇంటర్నెట్టులో కనిపించే ఒక సూత్రం గురించి హెచ్చరించాలి. దేశం పేరు లేకపోతే కత్తి 1891కి ముందుది అని చాలాచోట్ల రాస్తారు. ఆ సూత్రానికి మూలం అమెరికాలో 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం. అమెరికాలోకి దిగుమతి అయ్యే వస్తువు మీద అది తయారైన దేశం పేరు ఉండాలని ఆ చట్టం విధించింది. ఆ మాట అమెరికాకు వెళ్లిన కత్తులకు చెల్లుతుంది. మద్రాసుకో కలకత్తాకో ఓడలో వచ్చిన షెఫీల్డ్ కత్తి మీద ఇంగ్లాండ్ అని కొట్టవలసిన అవసరం ఆ చట్టం వల్ల రాదు. సేకరించేవారిలో ఎక్కువమంది అమెరికావారు కాబట్టి వారి సూత్రమే లోకమంతటికీ సూత్రమైపోయింది. మీ కత్తి మీద దేశం పేరు లేకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. అలుగు వీపు దగ్గర మందంగా మొదలై అంచు వరకు తిన్నగా సన్నబడుతుందని రాశారు గనుక, 1870లకు ముందుది కావచ్చునని నా ఊహ.

రెండవ కత్తి కథ దీనికంటే ఆసక్తికరమైనది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకు వచ్చేసరికి జర్మనీలో వుప్పర్ నది పక్కన ఉన్న సోలింగెన్ పట్టణం షెఫీల్డ్‌కు పోటీగా ఎదిగింది. అక్కడివారిది కొత్త వృత్తేమీ కాదు. హెంకెల్స్ కుటుంబంవారి కవల పిల్లల ముద్ర 1731లోనే నమోదైంది. అయితే చవక సరుకు చేసి దాని మీద షెఫీల్డ్ అని కొట్టి అమ్మేవారు కూడా అక్కడ కొందరు తయారయ్యారు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకు వెళ్లిన ఫ్రాంజ్ రాయ్‌లో అనే జర్మన్ ఇంజనీరే తన దేశపు సరుకును చవక, నాసి అని బాహాటంగా నిందించాడు. షెఫీల్డ్‌వారు గోలపెట్టగా 1887లో బ్రిటన్‌లో మర్చండైజ్ మార్క్స్ చట్టం వచ్చింది. విదేశీ సరుకు మీద బ్రిటిష్ సరుకని భ్రమ కలిగించే పేరు ఉంటే, అది ఎక్కడ తయారైందో కూడా చెప్పాలని ఆ చట్టం సారాంశం. మన దేశంలో అదే ధోరణిలో 1889లో ఇండియన్ మర్చండైజ్ మార్క్స్ చట్టం వచ్చింది.

మద్రాసు వ్యాపారి పేరు ఒక వైపు, మేడ్ ఇన్ జర్మనీ రెండవ వైపు ఎందుకు పడ్డాయో ఇప్పుడు తెలుస్తుంది. వ్యాపారి జర్మనీ నుంచి కత్తులు తెప్పించుకుంటాడు, కొన్ని డజన్లకు ఆర్డరు ఇస్తే తయారీదారు అతని పేరే మెడ మీద కొట్టి పంపుతాడు. ఆ పేరు చూసి కొనేవాడు బ్రిటిష్ సరుకనుకొని మోసపోకూడదని చట్టం దేశం పేరు కూడా కొట్టిస్తుంది. కాబట్టి మీ చిన్నాన్నగారు చదివిన పేరు అమ్మినవారిది, చేసినవారిది కాదు. నాసి సరుకును బయటపెట్టడానికి పుట్టించిన ఆ మాటలే ఇరవై ముప్పై ఏళ్లలో మన్నికకు గుర్తుగా మారాయి గనుక, షెఫీల్డ్‌వారు తమ నెత్తిన తామే చెయ్యి పెట్టుకున్నట్టయింది. ఇక తేదీ: చట్టాలను బట్టి 1880ల చివరకు ముందుది కాకపోవచ్చు. 1914 నుంచి మొదటి యుద్ధం వల్ల జర్మన్ సరుకు ఇక్కడికి రావడం ఆగింది, మళ్లీ 1920లలో మొదలై 1939తో ఆగింది. 1949 తరువాతిదైతే చాలావాటి మీద వెస్ట్ జర్మనీ అని ఉంటుంది. మీ తాతగారు ఉద్యోగంలో చేరిన కాలాన్ని చూస్తే రెండు యుద్ధాల మధ్యది అనుకోవడం సహజం, కానీ అది ఊహే.

పేరు చూసి మోసపోవడానికి ఇంకొక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. బెంగాల్ అనే ముద్ర ఉన్న కత్తులు మన వైపు అప్పుడప్పుడు దొరుకుతాయి. చివర ఎల్ అక్షరం రెండుసార్లు ఉంటుంది. కలకత్తా సరుకని చెప్పి అమ్ముతారు. అవి షెఫీల్డ్‌లో కాడ్‌మన్ కుటుంబంవారు చేసినవి.

సమాధానం – కొలిమి, గాజువాక

ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ముద్రల గురించి నాకు తెలియదు. వెండి గురించి అడిగారు గనుక లోహం సంగతి చెబుతాను.

సిల్వర్ స్టీల్ అనే పేరు వెనుక ఒక నిజమైన ప్రయోగం ఉంది. విద్యుత్తు మీద పరిశోధనలకు పేరు పొందిన మైకేల్ ఫారడే, దానికి ముందు జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల తయారీదారుతో కలిసి ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశాడు. వారి వ్యాసాలు 1820లోనూ 1822లోనూ వెలువడ్డాయి. ఉక్కులో వెండి బాగా కలవదు. ఎక్కువ వేస్తే చల్లారేటప్పుడు బయటికి వచ్చేస్తుంది. ఐదు వందల పాళ్ల ఉక్కుకు ఒక పాలు వెండి వేస్తే మంచి ఫలితం వచ్చిందని వారు రాశారు. ఆ వార్త బయటకు రాగానే ఆ మాట కత్తుల మీదికి ఎక్కింది. తరువాత దశాబ్దాల తరబడి సిల్వర్ స్టీల్ అని కొట్టిన కత్తులన్నిటిలో వెండి ఉన్నదని అనుకోనవసరం లేదు. మన దుకాణాల్లో అసలు సిసలు అనే మాటలు రాసినట్టే అది ఒక పొగడ్తగా మిగిలిపోయింది. మీ కత్తిలో వెండి ఉన్నా లేకపోయినా దాని గుణాన్ని నిర్ణయించేది బొగ్గు పాలు, నీట ముంచిన తీరు, ఆ తరువాత మళ్లీ వేడి చేసిన తీరు, ఈ మూడే.

ఈ స్టోడార్ట్ మనవారికి ఇంకొక విధంగా దగ్గరివాడు. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు లండన్‌కు ఒక రకం భారతీయ ఉక్కు ముద్దలు పంపాడు. ఇంగ్లీషువారు దానిని వూట్స్ అని రాసుకున్నారు. ఆ మాట మన తెలుగు, కన్నడ భాషల ఉక్కు నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు. స్టోడార్ట్ దానితో శస్త్రచికిత్స పరికరాలూ క్షౌర కత్తులూ చేసి, ఏళ్ల తరబడి పోల్చి చూశాక యూరపులోని మేలైన ఉక్కు కంటే దీనినే తాను ఎంచుకుంటున్నానని తన దుకాణం కార్డు మీదే అచ్చు వేయించుకున్నాడు. ఆ ఉక్కును మట్టి మూసల్లో ఇనుమునూ ఆకునూ కట్టెనూ కలిపి మూసివేసి కరిగించి చేసేవారు. ఇప్పటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో జరిగిన ఆ పనిని హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు చూసి రాశాడు. పర్షియా వర్తకులు అక్కడ మకాం వేసి ఉక్కు కొనుక్కొనేవారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని కేకలు వేసిన కాలంలో నేను పిల్లవాడిని. ఉక్కు అనే మాట మనకంటే నూరేళ్లకు పైగా ముందే లండన్ దుకాణం కార్డు ఎక్కిందని ఉద్యోగం చేస్తున్నప్పుడు తెలియలేదు, తెలిసి ఉంటే కొత్తగా చేరే కుర్రవాళ్లకు చెప్పి ఉండేవాడిని.

షెఫీల్డ్‌లో ఈ మూస పద్ధతిని 1740లలో విడిగా కనిపెట్టినవాడు బెంజమిన్ హంట్స్‌మన్. వృత్తిరీత్యా గడియారాలు చేసేవాడు. స్ప్రింగులకు తగిన ఉక్కు దొరక్క తానే చేయడానికి పూనుకున్నాడు. అంతకు ముందు స్వీడన్ ఇనుమును బొగ్గుపొడిలో రోజుల తరబడి కాల్చి ఉక్కుగా మార్చేవారు. పైపొరలో బొగ్గు ఎక్కువ, లోపల తక్కువ. దానిని మూసలో పూర్తిగా కరిగిస్తే మొత్తం ఒకే రకంగా వస్తుందని హంట్స్‌మన్ చూపించాడు. క్షౌర కత్తికి ఇది ప్రాణం, ఎందుకంటే వెంట్రుక కంటే సన్నని అంచులో ఒక చోట గట్టిగా, ఒక చోట మెత్తగా ఉంటే చర్మం ఊరుకోదు. విచిత్రమేమిటంటే ఆ ఉక్కు మరీ గట్టిగా ఉన్నదని షెఫీల్డ్ పనివారు మొదట కొనలేదు. అతను ఫ్రాన్సుకు అమ్ముకున్నాడు. ఫ్రెంచి కత్తులు వచ్చి తమ అమ్మకాలను దెబ్బతీసినప్పుడుగాని ఊరివారికి కళ్లు తెరుచుకోలేదు. తరువాత కాస్ట్ స్టీల్ అనే మాట కూడా కత్తుల మీద గొప్పగా కొట్టసాగారు.

తయారీ గురించి పాతముద్రగారు చెప్పనిది ఒకటి ఉంది. పెద్ద సంస్థల పేర్లు చూసి ఒక పెద్ద కర్మాగారంలో అంతా జరిగిందని అనుకుంటాము. షెఫీల్డ్‌లో కడ్డీని సాగగొట్టి ఆకారం తెచ్చేవాడు ఒకడు, గట్టిపరిచేవాడు ఒకడు, సానపట్టేవాడు ఒకడు, పిడి తొడిగేవాడు ఒకడు. వీరిలో చాలామంది చిన్న గదులు అద్దెకు తీసుకొని, అనేక సంస్థలకు కూలిపని చేసే చిన్న యజమానులు. ఒకే మనిషి సానపట్టిన రెండు కత్తులు రెండు వేర్వేరు పేర్లతో అమ్ముడుపోయి ఉండవచ్చు. సోలింగెన్‌లోనూ వాగుల ఒడ్డున నీటిచక్రాలతో తిరిగే సాన పాకల్లో, ఇళ్ల దగ్గర, ఇదే పద్ధతి నడిచింది. ఈ మొత్తంలో ఎక్కువ నష్టపోయినవాడు సానపట్టేవాడు. తిరిగే రాయి ముందు గుర్రం అని పిలిచే కొయ్య మీద కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చొని, రాతి దుమ్మునూ ఉక్కు దుమ్మునూ పీల్చేవాడు. పొడి రాతి మీద పని చేసేవారిలో చాలామంది ఊపిరితిత్తులు చెడి నడివయస్సు రాకుండానే పోయారని షెఫీల్డ్ వైద్యులు పందొమ్మిదవ శతాబ్దిలోనే రాశారు. రాయి పగిలి మీద పడి పోయినవారు వేరు. అతని పేరు మాత్రం ఏ కత్తి మెడ మీదా ఉండదు.

మీ రెండవ కత్తి మోగడానికి కారణం ఆ సానే. చిన్న వ్యాసం ఉన్న రాళ్ల మధ్య అలుగును పట్టి రెండు ముఖాలనూ లోపలికి గుల్లగా తీసివేస్తే అంచు వైపు రేకులా పలుచన అవుతుంది, మీటితే మోగుతుంది. సోలింగెన్ పనివారు దీనిలో ఆరితేరినవారు. పెద్ద రాయి మీద చేస్తే మీ మొదటి కత్తిలాగా బరువుగా ఉంటుంది.

సమాధానం – కురుపాం మార్కెట్ సెలూన్

మాస్టారుగారికి నమస్కారం. మా నాన్నగారు వన్‌టౌన్‌లో దుకాణం పెట్టారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇలాంటి కత్తులతో ఆయన పని చేయడం చూస్తూ పెరిగాను, నేనూ కొన్నేళ్లు చేశాను. పాతముద్రగారు మందం చూసి కాలం చెప్పారు. దానిని నేను ఒప్పుకోలేను. మందమైన కత్తులు అడిగి కొనుక్కొనేవారు పలుచనివి వచ్చిన తరువాత కూడా ఉన్నారు. ముదురు గడ్డానికి, నాలుగైదు రోజులకొకసారి గీయించుకొనేవారికి బరువైన కత్తి నిలకడగా నడుస్తుంది. పలుచని కత్తి వణుకుతుంది. మా నాన్నగారు రెండూ దగ్గర పెట్టుకొని, కుర్చీలో కూర్చున్న మనిషి గడ్డం చూసి ఏది తీయాలో నిర్ణయించేవారు. కాబట్టి మందం అనేది గిరాకీ సంగతి, ఏడాది సంగతి కాదు.

మీరు ఇంకొకటి చూడండి. కత్తి వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతులతో లెక్కిస్తారు. ఐదు వంతులు, ఆరు వంతులు మామూలు. ఐదు వంతులంటే దాదాపు పదహారు మిల్లీమీటర్లు. సానరాతి మీద కత్తిని పడుకోబెట్టి నూరితే వీపూ అంచూ రెండూ రాతిని తాకుతాయి. వీపు మందమే అంచు కోణాన్ని నిలబెడుతుంది. అందుకే చెయ్యి కొత్తదైనా కోణం తప్పదు. ఏళ్ల తరబడి నూరితే వీపు మీద చదునైన మెరుపు గీత పడుతుంది, అలుగు మొన వైపో మడమ వైపో సన్నబడుతుంది. ఆ గీత వెడల్పుగా ఉంటే కత్తి చాలా పని చేసిందని అర్థం. గీత లేకుండా ముద్రలు మాత్రమే అరిగిపోయి ఉంటే, ఎవరో మెరుపు కోసం రుద్దేశారని అర్థం. మీ మూడవ కత్తి పేరు అలాగే పోయి ఉంటుందని నా అనుమానం. దయచేసి మీరు కూడా పాలిష్ పెట్టకండి.

మాకు పేర్లు ముద్రలుగానే తెలుసు. మా నాన్నగారు ఇంగ్లీషు చదవలేరు. కవలల కత్తి, నక్షత్రం కత్తి, చెట్టు కత్తి అనేవారు. చెట్టు అంటే బోకర్‌వారిదని నాకు చాలాకాలం తరువాత తెలిసింది. తోలు పట్టీ మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, బొటనవేలి గోటి మీద ఆనించి చూసి, ఇది పట్టుకుంటుంది, ఇది పట్టుకోదు అనేవారు. పట్టుకోని కత్తి మీద ఎంత గొప్ప ముద్ర ఉన్నా పెట్టెలోకి వెళ్లేది.

1990లలో ఎయిడ్స్ గురించి ప్రచారం వచ్చాక, ఒకరికి వాడిన కత్తి ఇంకొకరికి వద్దని గిరాకీలే అడగడం మొదలుపెట్టారు. అది న్యాయమైన భయమే. సగం బ్లేడు విరిచి పెట్టుకొనే కత్తి వచ్చింది, మేమందరం మారిపోయాము. ఆకారం పాతదే, సాన పోయింది. సానతోపాటు నూరే చెయ్యి కూడా పోయింది. ఇప్పుడు మా వాడలో ఈ పని తెలిసినవారు ఇద్దరు ముగ్గురు మిగిలారు.

సమాధానం – పాతముద్ర, డాబాగార్డెన్స్

సెలూన్‌వారు చెప్పింది ఒప్పుకొంటున్నాను. మందం మీద నేను చేసిన ఊహను వెనక్కు తీసుకుంటున్నాను. 1837–1901 అన్నంత వరకే నిలబడుతుంది. ఇళ్లలో మాత్రం మార్పు చాలా ముందే వచ్చింది. జిలెట్‌వారు 1903లో అమ్మినవి 51 సేఫ్టీ రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడే రేజర్ల అమ్మకం తొంభై వేలకు చేరింది. మొదటి యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం దాదాపు 35 లక్షల రేజర్లు తీసుకున్నది. అలవాటు అక్కడ మారింది. మాస్టారి తాతగారు 1930లలో కూడా పాత కత్తినే పట్టుకున్నారంటే అది పట్టుదల అనే చెప్పాలి.

ప్రశ్నకర్త – వాల్తేరు మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. భూతద్దం తెచ్చి మళ్లీ చూశాను. మొదటి కత్తి వీపు మీద సెలూన్‌వారు చెప్పిన మెరుపు గీత వెడల్పుగా ఉంది. అలుగు మడమ దగ్గర పదిహేడు మిల్లీమీటర్లు, మొన దగ్గర పదిహేను. మూడవదానికి గీత సన్నగా ఉంది, మెడ మాత్రం అద్దంలా మెరుస్తున్నది. మీ అనుమానమే నిజం. రుద్దినది మా నాన్నగారేనేమో, ఇత్తడి సామాను తోమడం ఆయనకు సరదా. మొదటి కత్తి పిడిలో రెండు మేకుల తలలు రెండు రకాలుగా ఉన్నాయి. డొప్పల మీద పొడవునా సన్నని గీతలు, కొలబద్దతో గీసినట్టు సమాన దూరంలో ఉన్నాయి. ఇది దంతమేనా? సూది కాల్చి గుచ్చి చూడమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు.

సమాధానం – పాతముద్ర, డాబాగార్డెన్స్

సూది కాల్చవద్దు. అంత సమాన దూరంలో గీతలు ఉంటే అది దాదాపు తప్పకుండా సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్. ఏనుగు దంతంలో పొడవునా కనిపించే గీతలు వంకరటింకరగా, హెచ్చుతగ్గులుగా ఉంటాయి. అడ్డంగా కోసిన అంచు మీద ఒకదాన్నొకటి దాటే వలగీతలు కనిపిస్తాయి. దంతాన్ని అనుకరించడానికే సెల్యులాయిడ్‌లో పొరలు పేర్చి ఆ చారలు తెచ్చేవారు. అమెరికాలో హయట్ దానికి పేటెంటు పొందినది 1870లో, కాబట్టి మీ పిడి ఆ తరువాతిది. మేకుల తలలు రెండు రకాలుగా ఉన్నాయంటే పిడిని ఎప్పుడో విప్పి మళ్లీ బిగించారు లేదా మార్చారు. అలుగు దానికంటే పాతది కావచ్చు, కాకపోవచ్చు. ఆ పదార్థం గుప్పున అంటుకుంటుంది, కాలిన సూది దాని దగ్గరకు రాకూడదు.

దంతం కాకపోవడం మీకు మేలే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి తరువాత వచ్చిన సవరణలను బట్టి దంతపు వస్తువు కొనడమూ అమ్మడమూ నేరం. తాబేటి చిప్ప పిడులకూ అదే వర్తిస్తుంది. మన ఊరికి ఇది కొత్త కాదు. దంతం, కొమ్ము, తాబేటి చిప్పలతో పెట్టెలు చేసి తెల్లదొరలకు అమ్మిన విజాగపటం పనివారు పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దాల్లో ప్రసిద్ధులు. ఆ పెట్టెలు ఇప్పుడు లండన్ మ్యూజియాలలో ఉన్నాయి. మీ వ్యాపారి దంతం అని చెబుతూనే కొంటానన్నాడంటే, అతనికి దంతమూ తెలియదు, చట్టమూ తెలియదు.

ఒక జాగ్రత్త చెబుతాను. పాతబడిన సెల్యులాయిడ్ మెల్లగా విరిగిపోతూ ఆవిరి వదులుతుంది, అది ఉక్కును తినేస్తుంది. పక్క కత్తిని కూడా తినేస్తుంది. మొదటి కత్తిని మిగతా రెండింటికీ దూరంగా, గాలి తగిలేచోట ఉంచండి. మన సముద్రపు గాలికి తుప్పు భయం ఎలాగూ ఉంది గనుక అలుగుకు పలుచగా మినరల్ నూనె పూయండి. తోలు సంచిలో మాత్రం పెట్టకండి, తోలు తేమ పీల్చి పట్టుకుంటుంది.

సమాధానం – కురుపాం మార్కెట్ సెలూన్

మాస్టారూ, మోగే జర్మన్ కత్తిని ఒకసారి తీసుకురండి. మా నాన్నగారి సానరాయి ఇంకా ఉంది. ఆదివారం వద్దు, రద్దీగా ఉంటుంది. మంగళవారం దుకాణం సెలవు, పొద్దున్నే వస్తే తీరికగా నూరి చూపిస్తాను. దాని మీద గీత ఎంత వెడల్పు ఉన్నదో మీరు రాయలేదు.

ప్రశ్నకర్త – వాల్తేరు మాస్టారు

గీత దాదాపు లేదు. మా తాతగారు దానిని వాడినట్టే లేదు. మంగళవారం ఎనిమిది గంటలకు వస్తాను.